నాటుకోళ్ల కాళ్ల మీద పెచ్చులు లేస్తున్నాయి: నూనె రాస్తే చాలునా, మందు వేయించాలా?

ప్రశ్న: పెరటి గంప (ఖమ్మం జిల్లా)

అందరికీ నమస్కారం. మా పెరట్లో 14 నాటుకోళ్లు ఉన్నాయి. వాటిలో 2 పుంజులు, మిగిలినవి పెట్టలు. వీటిని అమ్మకానికి పెంచడం లేదు, ఇంట్లో గుడ్లకు, పండగకు ఒకటి కోసుకోవడానికి మాత్రమే. సంక్రాంతికి ముందు సంతలో ఒక డేగ పుంజును కొని తెచ్చాను. దాని కాళ్లు అప్పటికే గరుకుగా ఉన్నాయి. ముదురు పుంజుకు కాళ్లు అలాగే ఉంటాయని అమ్మినాయన చెబితే నేనూ నమ్మి, ఇంటికి తెచ్చిన రోజే మిగతా కోళ్లలో కలిపేశాను.

ఇప్పటికి ఐదు నెలలైంది. ఆ పుంజు కాళ్లు రెండింతలు లావెక్కాయి. చదునుగా అతుక్కొని ఉండవలసిన పొలుసులు పాత ఇంటి పెంకులు లేచినట్లు అంచులు పైకి లేచాయి, వాటి సందుల్లో చెమ్మకు పొంగిన గోడ సున్నంలా తెల్లని పొడి కనిపిస్తోంది. అది వాలే కర్ర మీద దాని పక్కన పడుకొనే మూడు పెట్టలకు కూడా ఇదే మొదలైంది. వాటిలో నాలుగేళ్ల ఎర్ర పెట్ట ఒకటి ఒక కాలు ఎత్తి ఎత్తి వేస్తోంది. మేత మాత్రం బాగానే తింటున్నాయి, గుడ్లు కొద్దిగా తగ్గాయి.

ట్రాక్టరు నుంచి తీసిన కాలిన ఇంజను ఆయిలు పూయమని మా పక్కింటాయన అంటున్నారు. కిరసనాయిలు అయితే ఒక్కసారికే పోతుందని ఇంకొకరు చెప్పారు. పోయిన వారం ఎర్ర పెట్ట ఎడమ కాలికి కిరసనాయిలు పూసి చూశాను. మర్నాటికి ఆ కాలి మీద తోలు ఎర్రగా కమిలి, పెట్ట రోజంతా గంప దగ్గరే కూర్చుంది. తప్పు చేశానని అప్పుడు అర్థమైంది. ఇది అసలు ఏ జబ్బు, ఇంట్లో చేసుకోగలిగిన వైద్యం ఏమిటి, మందు వాడితే గుడ్లు తినవచ్చునా అన్న సంగతులు అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

సమాధానం: పుంజుల కాపరి (భీమవరం దగ్గర)

పెరటి గంప గారూ, మీరు వర్ణించిన తీరు చూస్తే ఇది కాళ్ల గజ్జి. మా ఇంట్లో దీన్ని పెచ్చుకాళ్లు అనేవాళ్లం. పొలుసుల కింద దూరిన సన్నని పురుగు వల్ల వస్తుంది, కంటికి కనిపించదు. మీ కోళ్లకు తెచ్చింది సంత పుంజే అనడంలో నాకు సందేహం లేదు. కొత్త కోడిని కనీసం మూడు నాలుగు వారాలైనా విడిగా ఉంచకుండా మందలో కలపకూడదన్న మాట నేను కూడా ఇలాగే నష్టపోయిన తరువాతే నేర్చుకున్నాను.

నేను చేసే పద్ధతి చెబుతాను. సాయంత్రం కోళ్లు గూటికి చేరే వేళకు మొదలుపెడతాను, అప్పుడైతే అవి పెనుగులాడవు. రెక్కలు కదలకుండా కోడిని పాత తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకొని, కాళ్లు రెండూ మడమ దాకా గోరువెచ్చని సబ్బు నీళ్లలో పది నిమిషాలు మునిగేలా పట్టుకుంటాను. రెండు నిమిషాల్లో కోడి కళ్లు మూసుకొని కునుకు తీస్తుంది, అది చూడటానికే ముచ్చటగా ఉంటుంది. తరువాత పాత టూత్‌బ్రష్షుతో పై నుంచి వేళ్ల వైపు, అంటే పొలుసు వాలు ఉన్న దిక్కునే, మెల్లగా రుద్దుతాను. వచ్చినంత పెచ్చు వస్తుంది, రానిది వదిలేయాలి. గోటితో పీకితే రక్తం కారుతుంది, ఆ పుండు కొత్త తలనొప్పి అవుతుంది. కాళ్లు బాగా తుడిచి ఆరిన తరువాత ఒక వంతు వేపనూనెకు మూడు నాలుగు వంతుల కొబ్బరినూనె కలిపి, వేళ్ల సందుల్లోకి, లేచిన పొలుసుల కిందికి పోయేలా పట్టిస్తాను. పైన పెట్రోలియం జెల్లీ మందంగా రాస్తే నూనె తొందరగా ఆరిపోదు. చలికాలంలో కొబ్బరినూనె గడ్డ కడుతుంది కాబట్టి సీసాను కాసేపు వేడి నీళ్లలో ఉంచుకోవాలి.

మొదటిసారి కడిగినప్పుడు ఏమీ ఊడలేదని నిరుత్సాహపడవద్దు. మా కాకి పుంజుకు మూడో కడుగులో గానీ బొటనవేలి గోరంత పెచ్చు ముక్కగా రాలేదు. దాన్ని తిరగేసి చూస్తే అట్టు మీద పడే కన్నాల వంటి సన్నని రంధ్రాలు లోపలంతా ఉన్నాయి. పురుగు తొలుచుకొన్న దారులు అవే. వారానికి ఒకసారి కడగడం, రెండు మూడు సార్లు నూనె రాయడం చొప్పున ఆరు వారాలు విడవకుండా చేయాలి. పైకి బాగుపడినట్లు కనిపించగానే మానేసిన ప్రతిసారీ నాకు జబ్బు తిరగబెట్టింది.

పుంజును కాలికి తాడు కట్టి ఉంచే అలవాటు మీకు ఉంటే ఈ ఆరు వారాలూ తాడు విప్పేయండి. వాచిన కాలికి తాడు బిగిసి వేళ్లకు రక్తం అందక చెడిపోతాయి. పాత తాడును మళ్లీ వాడకుండా కాల్చేయడం మంచిది.

సమాధానం: రాతి గూడు (కర్నూలు)

మాది వేరే అనుభవం అన్నా. మా నాయనమ్మ కాలంలో పెట్రోలియం జెల్లీ ఎక్కడిది? పల్లెలో కిరసనాయిలే పూసేవారు, కోళ్లు బాగానే ఉండేవి. మీరు ఎక్కువ పూసి ఉంటారు, లేదా కాలు పగిలి ఉన్న చోట పూసి ఉంటారు. ఒక దెబ్బకు తెగే పనికి ఆరు వారాలు కోడిని ఒళ్లో పెట్టుకొని కూర్చోవడం వ్యవసాయం పనులున్న వాళ్లకు కుదిరే మాట కాదని నా అభిప్రాయం. అయితే కాలిన ఇంజను ఆయిలు మాత్రం నేనూ వద్దంటాను.

సమాధానం: విశ్రాంత పశువైద్యుడు

ఇది చాలా సాధారణమైన జబ్బు, గుర్తించడం తేలిక, తొందరపడితేనే చెడిపోతుంది. దీనికి కారణం నెమిడోకాప్టిస్ మ్యూటాన్స్ అనే గజ్జి పురుగు. గుండ్రని ఒళ్లు, పొట్టి కాళ్లు, పరిమాణంలో అర మిల్లీమీటరు కన్నా చిన్నది. పొలుసుల కింద తోలులోకి సొరంగాలు తవ్వుకొని అక్కడే తింటూ, అక్కడే పిల్లలు పెడుతూ, జీవితమంతా కోడి మీదే గడుపుతుంది. ఒక తరం పూర్తి కావడానికి రెండు మూడు వారాలు పడుతుంది. దాని రాపిడికి తోలు మందమై, కారిన రసి ఎండి, పొలుసులను పైకి నెట్టే పెచ్చుగా మారుతుంది. ముదురు కోళ్లలో ఎక్కువగా కనిపిస్తుంది, ఒక కోడి నుంచి ఇంకో కోడికి ఆనుకొని పడుకోవడం వల్ల మెల్లగా పాకుతుంది. గంప కింద నాలుగు కోళ్లను కలిపి మూసే ఇళ్లలో ఎందుకు ఎక్కువ ఉంటుందో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. మనుషులకు గజ్జి తెచ్చే పురుగు వేరు. కోడి కాళ్లు కడిగితే మీకు అంటుకుంటుందన్న భయం అక్కరలేదు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కుంటే సరిపోతుంది.

నూనె ఎందుకు పని చేస్తుందో తెలిస్తే ఎన్నాళ్లు రాయాలో కూడా తెలుస్తుంది. ఈ జాతి పురుగులకు ఊపిరి తీసుకొనే ప్రత్యేక రంధ్రాలు లేవు, ఒంటి పైపొర గుండానే గాలి పీలుస్తాయి. నూనె పొర కప్పేస్తే ఊపిరాడక చస్తాయి. కానీ నూనె చేరినంత లోతులో ఉన్నవే చస్తాయి, పెచ్చు కింద అడుగున ఉన్నవి బతికి మళ్లీ సంతానం పెంచుతాయి. అందువల్ల ముందు పెచ్చు నానాలి, మెత్తబడాలి, అప్పుడే నూనెకు దారి దొరుకుతుంది. పుంజుల కాపరి గారు చెప్పిన క్రమం సరైనది. గంధకం కలిపిన లేపనం దొరికితే వేపనూనెకు బదులు దాన్ని వాడవచ్చు.

రాతి గూడు గారూ, మీ నాయనమ్మ గారి కాలంలో కిరసనాయిలు వాడిన మాట నిజమే. అయితే తెలిసినవారు దాన్ని వంటనూనెలోనో ఆముదంలోనో బాగా పలచన చేసి వాడేవారు. పైగా అప్పట్లో చచ్చిన కోడి కూరలోకి పోయేది గానీ కారణం ఎవరూ వెతకలేదు. కిరసనాయిలు తోలును కాలుస్తుంది, తోలు గుండా ఒంట్లోకి ఇంకుతుంది, కోడి ముక్కుతో కాలు గోక్కుంటే కడుపులోకి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పొలుసు లేచిన కాలు అంటే పైన కవచం లేని కాలు. దాని మీద పోస్తే ఏమవుతుందో ఎర్ర పెట్ట చూపించింది. ఆ కాలును సబ్బు నీళ్లతో కడిగి, ఆరిన తరువాత పెట్రోలియం జెల్లీ మాత్రం రాయండి, కమిలిన తోలు మానేదాకా వేపనూనె కూడా వద్దు. కాలిన ఇంజను ఆయిలులో లోహపు మడ్డి ఉంటుంది, దాని గురించి చర్చే అనవసరం.

ఇక మందు సంగతి. కుంటుతున్న కోడికి, వేళ్లు వంకర పోతున్న కోడికి నూనె ఒక్కటే చాలదు. ఐవర్‌మెక్టిన్ బాగా పని చేస్తుంది. మోతాదు కిలో బరువుకు 0.2 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజుల తరువాత రెండోసారి ఇవ్వాలి. ఇది నేను రాస్తున్నది మీరు స్వయంగా వేయడానికి కాదు, ఎందుకు వేయకూడదో చెప్పడానికి. పశువుల కోసం అమ్మే 1 శాతం ద్రావణంలో ఒక మిల్లీలీటరుకు 10 మిల్లీగ్రాముల మందు ఉంటుంది. రెండు కిలోల పెట్టకు కావలసింది 0.04 మిల్లీలీటరు, అంటే ఒక చుక్క పాటి. దీన్ని కొలవడానికి చాలామంది ఇన్సులిన్ సిరంజి తెచ్చుకుంటారు. మన మందుల దుకాణాల్లో రెండు రకాలు అమ్ముతారు. నారింజ రంగు మూత ఉన్న 100 యూనిట్ల సిరంజిలో ఆ మోతాదు 4 గీతల దగ్గర వస్తుంది. ఎర్ర మూత ఉన్న 40 యూనిట్ల సిరంజిలో అదే 4 గీతలు లాగితే 0.1 మిల్లీలీటరు, అంటే రెండున్నర రెట్లు మందు పడుతుంది. మూత రంగు చూడకపోవడం వల్ల కోడి ప్రాణం మీదికి రావచ్చు. కోళ్లను పశువుల ఆసుపత్రికి తీసుకెళ్లి తూకం వేయించి, డాక్టరు చేతనే వేయించండి. ఆసుపత్రి దూరమైతే సంచార పశువైద్య వాహనం కోసం 1962 నంబరుకు ఫోను చేయవచ్చు.

గుడ్ల గురించి అడిగారు. ఐవర్‌మెక్టిన్ కొవ్వులో కరిగే మందు కనుక పచ్చసొనలోకి చేరి చాలా రోజులు నిలుస్తుంది, గుడ్లు పెట్టే కోళ్ల కోసం ఆమోదించినది కూడా కాదు. మందు వేసిన డాక్టరు ఎన్ని రోజులు చెబితే అన్ని రోజులు ఆ పెట్టల గుడ్లు తినవద్దు, అమ్మవద్దు, వాటిని కోయవద్దు. నూనె వైద్యంలో ఉన్నవాటికి ఈ నిబంధన లేదు. అందుకే తేలికగా ఉన్న కేసుల్లో నేను నూనెతోనే ఆగిపోతాను.

ఒక హెచ్చరిక. కాలు లావెక్కిన ప్రతిదీ గజ్జి కాదు. అరికాలి మధ్య నల్లని పెచ్చుతో గడ్డ ఉంటే అది చీము పట్టిన అరికాలి పుండు. జుట్టు, ముఖం మీద కూడా పొక్కులు ఉంటే అది కోడి అమ్మవారు. రాత్రిపూట మాత్రమే కోళ్లు అసహనంగా కదులుతూ, వాలే కర్రల పగుళ్లలో ఎర్రని చుక్కల్లాంటి నల్లులు కనిపిస్తే అవి వేరే జాతి, వాటికి వైద్యం కోడికి కాదు, గూటికి. అనుమానం ఉంటే రాలిన పెచ్చును చిన్న సీసాలో వేసి ఆసుపత్రికి తీసుకెళ్లండి, మైక్రోస్కోపు కింద పెడితే నిమిషాల్లో తేలిపోతుంది.

పెరటి గంప

డాక్టరు గారికీ, పుంజుల కాపరి గారికీ కృతజ్ఞతలు. ఎర్ర పెట్టనూ డేగ పుంజునూ రేపు ఆసుపత్రికి తీసుకెళుతున్నాను. ఒక చిక్కు మాత్రం మిగిలింది. జబ్బు అంటిన మూడు పెట్టల్లో నల్ల పెట్ట 12 గుడ్ల మీద పొదుగుకు కూర్చొని ఈ రోజుకు తొమ్మిది రోజులు. నూనె రాసి మళ్లీ గుడ్ల మీద వదలవచ్చునా, లేక పిల్లలు దిగేదాకా ఆగాలా?

సమాధానం: పొదుగు బుట్ట (మదనపల్లె)

పెరటి గంప గారూ, దయచేసి నూనె రాసి గుడ్ల మీద కూర్చోబెట్టవద్దు. నేను ఒకసారి అదే చేశాను. పెట్ట గుడ్లను రోజుకు ఎన్నోసార్లు కాళ్లతో, ముక్కుతో తిప్పుతుంది. కాలి నూనె గుడ్డు పెంకుకు అంటి సన్నని రంధ్రాలు మూసుకుపోతే లోపలి పిల్లకు గాలి అందదు. నాకు 10 గుడ్లలో 2 మాత్రమే పిల్లలయ్యాయి. మిగిలినవి పగలగొట్టి చూస్తే పిల్లలు సగం పెరిగి ఆగిపోయి ఉన్నాయి. గుడ్ల మీద ముందే జిడ్డు మెరుపు కనిపించినా అదేమిటో నాకు అప్పుడు తట్టలేదు.

అలాగని పిల్లలు దిగేదాకా ఆగితే, తల్లి రెక్కల కింద కాళ్లకు ఆనుకొని పడుకొనే పిల్లలకు మొదటి వారం నుంచే పురుగు ఎక్కే అవకాశం ఉంటుంది. కాబట్టి మంచి మార్గం తల్లిని మార్చడం. కాళ్లు శుభ్రంగా ఉన్న ఇంకో పెట్ట పొదుగు మీద ఉంటే, మీ దగ్గర లేకపోయినా ఇరుగుపొరుగు ఇళ్లలో ఉంటే, చీకటి పడ్డాక నల్ల పెట్టను మెల్లగా తీసి ఆ పెట్టను అదే గుడ్ల మీద కూర్చోబెట్టండి. వెలుతురులో చేస్తే కొత్త పెట్ట గూడు కొత్తదని లేచిపోతుంది. ముందు రోజు దాన్ని రెండు మూడు మామూలు గుడ్ల మీద అదే చోట కూర్చోబెట్టి అలవాటు చేస్తే ఇంకా మంచిది. మార్చే ముందు గుడ్లను టార్చి ముందు పెట్టి చూడండి, తొమ్మిది రోజులకు నరాలు సాలెగూడులా కనిపిస్తాయి, ఖాళీగా వెలుగు పారేవి తీసేయవచ్చు. గూటిలోని పాత గడ్డిని కూడా కాల్చేసి కొత్తది పరచండి, రాలిన పెచ్చులు అందులోనే ఉంటాయి.

పెట్ట దొరకకపోతే నల్ల పెట్టనే ఉంచి, దాని కాళ్లను రోజూ అది మేతకు లేచిన పది నిమిషాల్లో గోరువెచ్చని నీళ్లతో కడిగి, పూర్తిగా తుడిచి ఆరిన తరువాతే వదలండి. నూనె మాత్రం వద్దు. పిల్లలు దిగిన రోజే వాటిని విడదీసి బల్బు వెలుగులో పెంచుకోవచ్చు. కష్టమే గానీ మా అక్క ఒకసారి అలా గట్టెక్కించింది.

విశ్రాంత పశువైద్యుడు

పొదుగు బుట్ట గారి సలహాతో పూర్తిగా ఏకీభవిస్తున్నాను. పొదుగు మీద ఉన్న పెట్టకు మందు కూడా ఇప్పుడు వేయించవద్దు. ఒక మాట కలుపుతాను: పైకి బాగున్నట్లు కనిపిస్తున్న మిగతా పది కోళ్లకూ వారానికి ఒకసారి నూనె రాయండి. పొలుసు లేవడానికి ముందే పురుగు కొన్ని వారాలు లోపల ఉంటుంది. వాలే కర్రలను ఎండలో ఆరవేసి గీకి సున్నం కొట్టండి. పురుగు గూట్లో ఎక్కువ కాలం బతకదు కనుక గూడు మొత్తం కూల్చి కట్టనక్కరలేదు.

పెరటి గంప (ఎనిమిది వారాల తరువాత)

ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. మా వీధి చివరి ఇంటి నుంచి ఒక బూడిద రంగు పెట్టను అడిగి తెచ్చి రాత్రివేళ మార్చాను. టార్చి ముందు చూస్తే 12 గుడ్లలో 2 ఖాళీ. మిగిలిన 10లో 8 పిల్లలయ్యాయి. వాటి కాళ్లు ఇప్పటిదాకా నున్నగా, పసుపు పూసినట్లు ఉన్నాయి. బూడిద పెట్టను పిల్లలతో సహా ఇంకో నెల మా దగ్గరే ఉంచుకోమని దాని యజమానురాలు అన్నారు. బదులుగా రెండు పిల్లలు ఇస్తానని మాటిచ్చాను.

డేగ పుంజుకూ ఎర్ర పెట్టకూ ఆసుపత్రిలో రెండు విడతలు మందు వేశారు. పుంజు కాలి నుంచి ఏడో వారంలో గొట్టంలాంటి పెచ్చు ఒక్కసారిగా జారిపోయి, లోపల లేత పొలుసులు కనిపించాయి. అవి ఇంకా సరిగా అమరలేదు. ఈక రాల్చి కొత్త ఈక వేసుకొనే కాలం వచ్చేదాకా కాలు పూర్వపు రూపానికి రాదని డాక్టరు గారు ముందే చెప్పారు. ఎర్ర పెట్ట కుంటడం మానింది గానీ ఎడమ కాలి బయటి వేలు వంకరగానే ఉండిపోయింది, కిరసనాయిలు కాల్చిన చోట పొలుసు మళ్లీ మొలవలేదు. అది ఇప్పటికీ నేను తువ్వాలు పట్టుకొని వస్తుంటే గాదె వెనక్కి పోయి దాక్కుంటుంది. ఇంటి దగ్గర నూనె వైద్యంలో ఉన్న కోళ్లన్నిటికీ కలిపి రెండు లీటర్ల కొబ్బరినూనె, ముప్పావు సీసా వేపనూనె అయ్యాయి. నల్ల పెట్టను పొదుగు మాన్పించిన రోజు నుంచి కడగడం మొదలుపెట్టాను, దానికి ఇంకో రెండు వారాల పని మిగిలి ఉంది.